కింది నోటి గాలి

కొండ ఊపిరి చల్లగా ఉండేది.

ఎండాకాలం మధ్యాహ్నం, ఏటి రాళ్ళు అరికాళ్ళను కాల్చే వేళ, కింది నోటి ముందు కూర్చుంటే చాలు — మెడ వెనక గాలి. తడి రాతి వాసన, తుప్పు వాసన, ఎక్కడో లోపల ఏళ్ళ తరబడి నిలవున్న నీటి వాసన... అన్నీ కలిసిన గాలి.

గనికి రెండు నోళ్ళు. పై నోరు, కింది నోరు. అకాసె లోయలో అందరూ అలాగే అనేవారు. పై నోట్లోంచి రాగి రాయి వచ్చేది. కింది నోట్లోంచి మనుషులు వెళ్ళేవారు, మనుషులు వచ్చేవారు.

కొందరు రాలేదు.

అయినా వేసవి వస్తే ఆ చోటు మీద ఎవరికీ కోపం ఉండేది కాదు. ఆడవాళ్ళు టోఫు గిన్నెలూ దోసకాయల బుట్టలూ తెచ్చి ఆ గాలిలో పెట్టుకునేవారు. చిక్కుళ్ళు ఒలుచుకుంటూ లోకంలో ఉన్న కబుర్లన్నీ చెప్పుకునేవారు. కినుయో మాత్రం ఎప్పుడూ గనికి వీపు పెట్టి కూర్చునేది.

"ఇటు తిరగవే. గాలి మొహానికి తగిలితే ఎంత హాయో."

"నాకు మెడకే హాయి."

"మీ ఆయన ఊదుతున్నాడేమో!" అని ఒకావిడ నవ్వింది ఒకసారి. వెంటనే నాలుక కరుచుకుంది.

కినుయో కోప్పడలేదు. ఆవిడ సరదాకి అన్నదే కినుయో నమ్మకం. ఆమె మొగుడు గెన్సాకు లోపలే ఉన్నాడు. చలికి అలవాటుపడి, చీకటికి అలవాటుపడి, దారి తెలియక... లోపలే ఉన్నాడు.

*

అకాసెలో ఒక పద్ధతి ఉండేది.

గనిలో మనిషి పోతే శవాన్ని ఊరికే మోసుకురారు. ప్రతి మలుపు దగ్గరా ఆగాలి. పేరు పెట్టి పిలవాలి. ఎక్కడున్నామో చెప్పాలి. చీకట్లో పోయినవాడికి దారి ఎలా తెలుస్తుంది? ఒంటిని పైకి తీసుకుపోయినా, ప్రాణం అక్కడే గోడలు తడుముకుంటూ ఉండిపోతుంది. అందుకని చెప్పాలి. ఫలానా మలుపు, ఇక్కడ ఎడమకి తిరుగుతున్నాం, వెంటే రా.

నోటి దగ్గరికొచ్చాక ఆఖరి పిలుపు. అది శవాన్ని మోసినవాళ్ళే పిలవాలి, వేరేవాళ్ళు పనికిరారు.

బయటికొచ్చేశాం. ఇది ఎండ. ఇంటికి పద.

అంతే. మంత్రాలేం లేవు, పూజారి లేడు. ఆ మాట చెవిన పడ్డాకే పోయినవాడు పోయినట్టు.

మలుపులు ఐదు. లోపలి నుంచి చెప్పుకుంటూ వస్తే — కుండడుగు, కప్పరాయి, సన్నగొంతు, అత్తమోకాలు, దీపంగూడు. కొత్తల్లుడు అత్త మోకాలికి మొక్కినట్టు, కొత్తగా పనిలో చేరిన ప్రతివాడూ అత్తమోకాలు దగ్గర నుదురు పగలగొట్టుకునేవాడు, అందుకే ఆ పేరు. ఈ ఐదు పేర్లూ లోయలో ఆడవాళ్ళకి కూడా కంఠతా వచ్చు. ఎందుకంటే లోపల ఏదైనా జరిగిందని సైరన్ మోగితే, వాళ్ళు నోటి ముందు నిలబడి వినేది వాటినే. పిలుపు వినపడిందా... ఎవరి పేరు వినపడితే ఆ ఇంటావిడ కూలబడేది.

పిలుపు లేకుండా మోసుకొస్తుంటే, మనిషి బతికున్నట్టు.

బతికున్నవాణ్ణి పొరపాటున కూడా పిలవకూడదు. పిలిస్తే ప్రాణాన్ని చేతులారా బయటికి లాగినట్టే. గెన్సాకు విషయంలో జరిగిన తప్పు ఇక్కడే జరిగింది.

*

చూరుల దాకా మంచు పడ్డ ఏడు అది. కుండడుగులో పైకప్పు కూలింది.

మొదట చేరుకున్నవాడు తొమెజో. గెన్సాకుకి తమ్ముడి వరస. ఒక కడుపున పుట్టలేదు — కొండతల్లి గుడి ముందు ఒకే గిన్నెలో సాకే సారా తాగి అన్నదమ్ములయ్యారు. గనిలో అది రక్తం కన్నా గట్టి చుట్టరికం. తొమెజో రాళ్ళు లాగేసి, అన్న మెడ మీద బొటనవేలు పెట్టి చూశాడు. కొట్టుకుంటోంది. టక్, టక్, టక్.

"బతికే ఉన్నాడు. ఎవడూ నోరెత్తకండి."

ఆరుగురు మోశారు. కుండడుగు — మాట లేదు. కప్పరాయి — మాట లేదు. సన్నగొంతు దగ్గర పక్కకి వంచి తీసుకురావాల్సి వచ్చింది, అప్పుడూ పళ్ళు బిగబట్టారే గానీ పలకలేదు. అత్తమోకాలు. దీపంగూడు. బూట్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు.

బయట మంచులో నిలబడ్డ కినుయో చెవులు రిక్కించి వింది. పిలుపు లేదు.

సంతోషించింది. కొండతల్లికి చేతులు జోడించి, పక్కనున్న ఆవిడ భుజం పట్టుకుని, నవ్వుతూ ఏడ్చింది. ఆ సంతోషం గుర్తొస్తే ఇప్పటికీ ఆమెకు ఒళ్ళు మండుతుంది.

డాక్టరు రెప్ప ఎత్తి చూశాడు. రాయి పడ్డప్పుడే పోయాడన్నాడు. మరి నాడి? తొమెజో బొటనవేలు పట్టుకుని చూపించాడు డాక్టరు. బొటనవేల్లో కూడా నాడి ఉంటుంది. కొట్టుకున్నది తొమెజో రక్తమే.

గెన్సాకు నాడి కాదు.

మళ్ళీ లోపలికెళ్ళి పిలుచుకొస్తానని తొమెజో గోల పెట్టాడు. అన్న తలకు కట్టుకున్న గుడ్డ పట్టుకుని పరిగెత్తాడు. ఒళ్ళు లేకపోయినా ఒంటి మీది గుడ్డ ఉంటే చాలని పెద్దవాళ్ళు అన్నారు. కానీ కంపెనీ వాళ్ళు పోనివ్వలేదు. కూలిన దారి, ఇంకా కూలుతుంది. ఆ వారంలోనే సన్నగొంతు దగ్గర చెక్క పలకలు కొట్టి మూసేశారు.

తొమెజో వచ్చి, ఆ గుడ్డ కినుయో గుమ్మంలో పెట్టి, ఇంటి ముందు మంచులో నుదురు ఆనించి పడున్నాడు.

"లే. మంచులో పడుంటే జబ్బు చేస్తుంది," అంది కినుయో.

అంతకు మించి ఆ సంగతి వాళ్ళిద్దరి మధ్యా ఎప్పుడూ రాలేదు. ప్రతి చలికాలమూ ఆమె చూరు కింద కట్టెలు పేర్చి ఉండేవి. ఎవరు పేర్చారని ఆమె అడగలేదు.

*

తర్వాత రాగి అయిపోయింది.

రాగి కరిగించే కొలిమి పొగగొట్టం చల్లారింది. పొగకి చచ్చిన కొండలు అలాగే బోడిగా మిగిలాయి. ఆ పొగ ఘాటుకి ఆరేసిన బట్టలకు చిల్లులు పడడం ఆగింది, కానీ బట్టలు ఆరేసేవాళ్ళు ఏరీ? పై ఊరు ఖాళీ అయింది. నడిమి ఊరు ఖాళీ అయింది. దిగువ ఊళ్ళో ముసలివాళ్ళూ పిల్లులూ మిగిలారు. ఏరు మాత్రం ఎర్రగానే పారింది. గని ఆగినా గని నీళ్ళు ఆగలేదు.

అప్పుడు పట్నం నుంచి మనుషులు వచ్చి, ఇదంతా వారసత్వం అన్నారు.

పై నోట్లో చిన్న రైలు పెట్టారు. లోపల దీపాలు పెట్టారు. ప్లాస్టిక్ గని మనుషుల్ని పెట్టారు — సుత్తి ఎత్తినవాడొకడు, బండి తోసేవాడొకడు, అన్నం ముద్ద తింటున్నవాడొకడు. బొత్తాం నొక్కితే మాట్లాడతారు. కినుయోకి అక్కడే తుడిచే పని దొరికింది. పొద్దున్నే ఆ బొమ్మల మొహాలు తుడవాలి.

"ఇంత తెల్లటి పళ్ళున్న గని మనిషిని నేను పుట్టాక చూళ్ళేదు బాబూ," అంది మొదటిరోజే.

హాయసాకా నవ్వాడు. మ్యూజియం చూసుకునే కుర్రాడు. చెడ్డవాడు కాదు. చూడ్డానికొచ్చిన వాళ్ళకు తాను పుట్టకముందు కాలం గురించి గడగడా చెప్పేవాడు, మధ్యలో కినుయో వైపు చూసి, అంతేనా మామ్మగారూ అన్నట్టు కళ్ళెగరేసేవాడు. అంతే అన్నట్టు ఆమె తలూపేది. ఒక్కోసారి అంత కాకపోయినా ఊపేది.

కింది నోటి ముందు ఇప్పుడు టోఫు గిన్నెలు లేవు. ఆడవాళ్ళు లేరు. ఇనప తలుపు, తాళం. తలుపు సందుల్లోంచి గాలి. వేసవిలో పని అయ్యాక కినుయో ఒక్కతే దిగి వెళ్ళి, వీపు అటు పెట్టి కూర్చునేది.

ఎలా ఉన్నావు... అనేది. అంత కన్నా ఏం మాట్లాడాలో ఆమెకు తెలిసేది కాదు.

*

"కింది నోరు మూసేస్తున్నారు మామ్మగారూ," అన్నాడు హాయసాకా ఆకులు రాలే కాలంలో.

"తాళం ఉందిగా."

"తాళం కాదు. కాంక్రీటు. లోపల దాకా పోస్తారు. నీళ్ళు ఏట్లో కలుస్తున్నాయని కింద పొలాలవాళ్ళు ఏనాటి నుంచో మొత్తుకుంటున్నారుగా. నీళ్ళెక్కడి దాకా ఉన్నాయో చూడ్డానికి ఇంజనీర్లు ఇప్పుడే పలకలు పీకారు."

కినుయో చేతిలో గుడ్డ ఆగింది. బొమ్మ చెంప సగం తుడిచి ఉంది.

పలకలు పీకారు.

ఇన్నేళ్ళకి దారి తెరిచారు. తెరిచింది మూయడానికి. ఈసారి మూస్తే ఇక లేదు... కొండ ఉన్నంత కాలం లేదు. గెన్సాకు ఆ చీకట్లో, ఆ రాళ్ళ మధ్య, కొండతో పాటే.

"నేను లోపలికెళ్ళాలి బాబూ," అంది.

ఎందుకో చెప్పింది. ఎవరికీ చెప్పని మాట, బొమ్మల మధ్య నిలబడి, గుడ్డ నలుపుతూ చెప్పింది. హాయసాకా కళ్ళు పెద్దవయ్యాయి. అతను మంచివాడే, ఆమె బాధకే చలించాడు. కానీ ఆ చలించడంలో ఇంకొకటి కూడా ఉంది. ఇలాంటి పద్ధతి ఒకటుందని అతను చదివాడు. కానీ అలా పిలిచిన గొంతు ఏ రికార్డులోనూ ఎక్కడా దొరకలేదు.

పట్నంలో ఆఫీసుల చుట్టూ తిరిగి అనుమతి తెచ్చాడు. "ఒప్పుకున్నారు. ఇంజనీరు వెంట ఉండాలి, హెల్మెట్ పెట్టుకోవాలి. ఇంకొకటి... టేపు రికార్డరు తెస్తాను. పర్లేదా?"

"తెచ్చుకో." ఆ క్షణాన అతను ఏనుగుని తెస్తానన్నా ఆమె అదే అనేది.

*

తొమెజో పక్క మీద లేచి కూర్చున్నాడు. కూర్చోడానికే ఆయాసపడ్డాడు. ఊపిరితిత్తుల నిండా రాతిపొడి. గని నుంచి అతను ఇంటికి తెచ్చుకున్నది అదే.

"ఆడమనిషి లోపలికెళ్తే కొండతల్లికి కోపం వదినా."

"వస్తే రానీ. కోపమొచ్చి ఇంకేం చేస్తుందట? ఉన్నవన్నీ తీసుకుంది."

తొమెజో దుప్పటి తోసి కాలు కింద పెట్టబోయాడు. అతని ఛాతీ పలుకుతూనే ఉంది — సన్నగా, ఈలలా.

"నేనెళ్ళాలి. వెళ్ళాల్సింది నేను," అన్నాడు.

"ఈ ఏడు వాకిలి దాకా కూడా నడవలేకపోతున్నావు, కుండడుక్కి వెళ్తావా?"

"మరి ఆఖరి పిలుపు? మోసినవాడే పిలవాలి. ఆరుగురిలో మిగిలింది నేనే."

"అందుకే వచ్చాను," అంది కినుయో. "కుర్చీలో మోసుకొచ్చి నోటి దగ్గర కూర్చోబెడతారు. ఆ ఒక్క మాటా నువ్వు చెప్పు. మిగతావి నేను చూసుకుంటా."

తొమెజో తల వంచుకున్నాడు. ముసలి బొటనవేలు దుప్పటి అంచు మీద రుద్దుకుంటూ ఉండిపోయాడు.

*

లోపల గాలి ఎదురొచ్చింది.

ఇన్నాళ్ళూ మెడ వెనక తగిలిన గాలి... మొదటిసారి మొహానికి తగిలింది. కినుయో ఒక్క క్షణం నిలబడిపోయింది. వాళ్ళు చెప్పింది నిజమే. హాయిగా ఉంది.

ఇంజనీరు ముందు, ఆమె మధ్య, హాయసాకా వెనక. దీపంగూడు దాటారు. అత్తమోకాలు దగ్గర హాయసాకా హెల్మెట్ ఠంగుమంది. ఇంకెప్పుడైనా అయితే ఆమె నవ్వేది.

సన్నగొంతు దగ్గర ఇంజనీరు చెయ్యి అడ్డం పెట్టాడు.

నీళ్ళు.

ఎర్రటి నీళ్ళు, కదలకుండా, కిందికి దిగే దారి నిండా, కప్పు దాకా. కప్పరాయి ఆ నీళ్ళలో. కుండడుగు ఆ నీళ్ళ అడుగున.

"ఇంతే మామ్మగారూ. ఇంక లేదు."

కినుయో ఆ నీళ్ళ అంచున మోకాళ్ళ మీద కూర్చుంది. సంచిలోంచి తలగుడ్డ తీసింది. నీలం రంగు వెలిసిపోయి, ఒక మూల తుప్పు మరకలా రక్తం. నీళ్ళలో ముంచింది. పిలిచేటప్పుడు ఏడవకూడదు — ఏడిస్తే గొంతు గుర్తుపట్టరట. ఆమె ఏడవలేదు. ఇంటి వెనక పనిలో ఉన్నవాణ్ణి భోజనానికి పిలిచినట్టు పిలిచింది.

"గెన్సాకూ... కుండడుగు. నేను కినుయోని. లే, వెళ్దాం."

నీళ్ళు కదల్లేదు.

"గెన్సాకూ, కప్పరాయి. కుడికి తిరగాలి. నీళ్ళున్నాయి, చూసుకుని రా."

గుడ్డ నీళ్ళలోంచి తీసింది. భుజాన వేసుకుంది. లేచింది.

"సన్నగొంతు. పక్కకి వంగి రా. వెంటే రా."

"అత్తమోకాలు. తల జాగ్రత్త, గెన్సాకూ."

"దీపంగూడు. అదిగో వెలుతురు..."

వెనక టేపు తిరుగుతోంది. వీపు మీద తలగుడ్డ నుంచి నీళ్ళు కారి ఆమె నడుం దాకా తడిపాయి. చల్లగా ఉంది. ఆ చల్లదనం ఎవరిదో ఆమె ఆలోచించలేదు. ఆలోచిస్తే ఏడుపొస్తుంది.

నోటి దగ్గర కుర్చీలో తొమెజో. మోకాళ్ళ మీద దుప్పటి. ఆకులన్నీ ఎర్రబడ్డ కొండ, దాని మీద పలచటి ఎండ. ఆమెను చూడగానే కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఎవరో పట్టుకోబోతే తోసేశాడు.

నోరు తెరిచాడు.

గాలి వచ్చింది. మాట రాలేదు.

మళ్ళీ ఊపిరి లాగాడు. ఛాతీలో రాళ్ళు దొర్లినట్టు చప్పుడు. పెదాలు కదిలాయి — బయటికొచ్చేశాం... ఇది ఎండ... పెదాలు చూస్తే తెలుస్తోంది. ఒక్క అక్షరమూ గొంతు దాటలేదు. ఆ తర్వాత దగ్గు. దగ్గి, దగ్గి, కుర్చీలో కూలబడ్డాడు.

"విన్నాడా వదినా?" అన్నాడు చివరికి. ఆ మాట మాత్రం బయటికొచ్చింది.

కినుయో తలగుడ్డను అతని ఒళ్ళో పెట్టింది.

"విన్నాడు," అంది.

అలా అనడం తప్ప ఆమె ఏం చేయగలదు?

*

కాంక్రీటు పోశారు. తొమెజో తొలి మంచుకి పోయాడు. చూరు కింద కట్టెలు లేని మొదటి చలికాలం అది. కినుయో ఇంటి తలుపు గడియ పెట్టడం మానేసింది. వచ్చేవాడు వస్తాడని.

వసంతంలో మ్యూజియం మళ్ళీ తెరిచారు. ఆ పొద్దున ఆమె బండి తోసే బొమ్మ మొహం తుడుస్తోంది. పైన మైకు గరగరమంది.

*గెన్సాకూ... కుండడుగు. నేను కినుయోని. లే, వెళ్దాం.*

గుడ్డ జారిపోయింది.

తన గొంతే. సొరంగం పొడుగునా, ఒక్కో మలుపూ. వెంటే రా. తల జాగ్రత్త. అదిగో వెలుతురు... అక్కడ ఆగింది. కాసేపు నిశ్శబ్దం. మళ్ళీ మొదటి నుంచి. *గెన్సాకూ... కుండడుగు.* చిన్న రైల్లో వచ్చినవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

హాయసాకా దగ్గరికి వెళ్ళింది.

"ఆఖరి మాట ఏది బాబూ?"

"తొమెజో గారిదా? అది టేపులో పడలేదండి. దగ్గు ఒక్కటే పడింది. బాగుండదని దగ్గు తీసేశాం."

"అది దగ్గు కాదు బాబూ," అంది కినుయో.

అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం పాలిపోయింది. పైవాళ్ళతో మాట్లాడతానన్నాడు. మాట్లాడే ఉంటాడు. పైవాళ్ళకి జనం ఏడవడం నచ్చింది.

రోజంతా పిలుపే. లేపడం, నడిపించడం, వెలుతురు దాకా తేవడం — అక్కడ వదిలేయడం. మళ్ళీ అడుక్కి. వచ్చేశాం అని చెప్పేవాళ్ళు లేరు. చచ్చినవాడికి ఇంత అలుపా? తన గొంతుతోనా?

ఆ రోజు నుంచి కినుయో చీపురు పట్టుకుని పై నోటి దగ్గరే నిలబడడం మొదలుపెట్టింది. మైకు ఆగగానే, ఆ నిశ్శబ్దంలో, పక్కవాళ్ళకి వినపడీ వినపడకుండా చెప్పేది.

"బయటికొచ్చేశాం. ఇది ఎండ. ఇంటికి పద."

మోసినవాడే పిలవాలి. తెలుసు. అయినా ఇన్నేళ్ళూ ఆయన్ని తను మాత్రం మోయలేదా? చూడవచ్చినవాళ్ళు అదీ ప్రదర్శనలో భాగమే అనుకుని తలలూపేవారు. ఒకావిడ చప్పట్లు కూడా కొట్టింది.

*

వేసవి వచ్చింది.

మధ్యాహ్నం తిండి వేళ మైకు కాసేపు ఆపుతారు. కినుయో దోసకాయలు సంచిలో వేసుకుని, అలవాటుగా మెట్లు దిగింది. కింది నోటి ముందు బూడిదరంగు గోడ. వీపు ఆనించి కూర్చుంది. గోడ ఎండకి కాలిపోతోంది. ఏటి రాళ్ళు కాలిపోతున్నాయి.

మెడ వెనక గాలి లేదు.

ఆయన వెళ్ళిపోయాడు కాబట్టి లేదా... లోపలే ఉండిపోయాడు కాబట్టి లేదా... ఎవరిని అడగాలి? గోడ ఏం చెబుతుంది? దోసకాయ కొరికింది. వెచ్చగా ఉంది. ఆమెకు దుఃఖం పొర్లుకొచ్చింది.

పైన గరగర. ఇవాళ తొందరగా మొదలుపెట్టారు.

*గెన్సాకూ... కుండడుగు...*

కినుయో సంచి అక్కడే వదిలేసి లేచింది. మెట్లు. పట్టుకునే ఇనప కమ్మీ కాలుతోంది. కప్పరాయి. ఒక చేత్తో మోకాలు నొక్కుకుంటూ ఎక్కింది. సన్నగొంతు. దీపంగూడు దాటేలోపు పైకి చేరాలి — చేరకపోతే ఆ మాట చెప్పేవాళ్ళుండరు.

సగం మెట్ల మీద ఊపిరాడక ఆగింది.

చెమట పట్టిన మెడ వెనక ఏదో చల్లగా తగిలింది. ఏటి మీది గాలో... ఏమో. తిరిగి చూసే వ్యవధి లేదు. పైన తన గొంతు అప్పుడే అత్తమోకాలు దాకా వచ్చేసింది.